కోచ్ యూరాటే గోడ మీద అతికించిన లిస్టు

నాకు బాస్కెట్‌బాల్ నేర్పిన కోచ్ యూరాటే రిటైరవుతున్నారని తెలిసిన రోజున నాకు మొదట వచ్చింది కోపం. ఆవిడ లేకుండా మా పాత హైస్కూల్ జిమ్ ఎలా నడుస్తుందనుకుంటున్నారు వీళ్ళు, అని. తరవాత కూర్చుని లెక్కేసుకుంటే ఆవిడకు డెబ్బై దగ్గర పడుతున్నాయి, మోకాళ్ళు రెండూ మార్పించుకున్నారు, నాకే నలభైలు సగానికొచ్చి తలకు రంగు వేసుకోవలసిన రోజులొచ్చాయి. సరే, కోపం అనవసరం. వర్జీనియాలో నేనుండే షాంటిలీ నుంచి షికాగోకి టికెట్ కొనుక్కుని, ఆ ఊరి శివారు షామ్‌బర్గ్‌లో అమ్మానాన్నల దగ్గర దిగాను. వాళ్ళు ఇప్పటికీ అదే ఇంట్లో ఉంటున్నారు. మర్నాడు పొద్దున్నే లేచేసరికి వంటింట్లోంచి మెంతులు వేగుతున్న వాసన, హాల్లోంచి నాన్న దగ్గు, కిటికీ బయట గరాజ్ మీద నా చిన్నప్పటి బాస్కెట్‌బాల్ బోర్డు. వల ఎప్పుడో చిరిగిపోయింది. ఆ ఇంట్లో పదమూడేళ్ళ పిల్లనై తిరిగిన రోజులన్నీ కళ్ళముందుకొచ్చాయి. ఆ రోజులు తలుచుకుంటే కోచ్ రాకుండా ఉండరు.

మేం విజయవాడ నుంచి వచ్చాం. నాన్న అక్కడ ఒక జూనియర్ కాలేజీలో పదేళ్ళు లెక్కలు చెప్పారు. రెసిడెన్షియల్ కాలేజీల లెక్కల మాస్టారంటే తెలిసినవాళ్ళకు తెలుస్తుంది: ఆదివారం టెస్టు, సోమవారం గోడ మీద ర్యాంకులు, మంగళవారం తల్లిదండ్రుల ఏడుపులు. అలాంటి మనిషి బాబాయి మాట విని కంప్యూటర్ కోర్సు చేసి, అమెరికా వచ్చి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక బీమా కంపెనీలో ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునేవారు. పాఠం చెప్పడానికి ఎవరూ లేక ఆయన గొంతు ఇంట్లో మా మీదే ఖర్చయ్యేది. అన్నం తింటున్నప్పుడు కూడా ఆయన వేలితో కంచం అంచున ఏదో సమీకరణం రాసేవారు.

నేనేమో పదమూడేళ్ళకే అయిదడుగుల తొమ్మిదంగుళాలు. తెలుగువాళ్ళు తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్‌లకి వెళితే ఆంటీలందరూ నన్ను తలెత్తి చూసి, తరవాత అమ్మవైపు జాలిగా చూసేవారు. "ఇంకా ఎదుగుతుందా అండీ?" అని ఒకావిడ అడిగితే అమ్మ, "ఆపే మందు దొరికితే చెప్పండి" అని చెప్పి, ఇంటికొచ్చాక ఏడ్చింది. స్కూల్లో నేను గోడకి ఆనుకుని, భుజాలు ముందుకు వంచి, ఉన్న పొడుగులో నాలుగంగుళాలు దాచుకునే ప్రయత్నంలో ఉండేదాన్ని. నడుం నొప్పి వచ్చిందని డాక్టర్ దగ్గరికి తీసుకెళితే ఆయన, ఏదైనా ఆటలో పెట్టండి అన్నాడు. నాన్న మర్నాడే ఊరి పార్కుల శాఖవాళ్ళు నడిపే జిమ్‌కి తీసుకెళ్ళారు. ట్యూషన్‌కి తీసుకెళ్ళినట్టే, కొత్త నోటుబుక్కు, రెండు పెన్సిళ్ళు బ్యాగులో పెట్టి మరీ తీసుకెళ్ళారు.

అక్కడ నాకంటే పొడుగైన ఆడమనిషిని జీవితంలో మొదటిసారి చూశాను. ఆరడుగుల రెండంగుళాలు, పొట్టిగా కత్తిరించిన బంగారురంగు జుట్టు, ఎడమ మోకాలికి నల్లటి పట్టీ. నన్ను పైనుంచి కిందికి చూశారు. నా రెండు చేతులు పట్టుకుని పక్కలకు చాపి, బట్టల కొట్లో గుడ్డ కొలిచినట్టు కొలిచారు. "గుడ్. లాంగ్," అన్నారు. అంతే. నా పొడుగుని ఒక మనిషి మంచిదనడం అదే మొదలు.

ఆవిడ లిథువేనియా అనే దేశం నుంచి వచ్చారు. ఆ పేరు మేమెప్పుడూ వినలేదు. నాన్న అట్లాస్ తెరిచి, బాల్టిక్ సముద్రం పక్కన వేలు పెట్టి, "మన గుంటూరు, కృష్ణా, ప్రకాశం కలిపితే ఇంత ఉంటుందేమో" అన్నారు, నిజానిజాలు దేవుడికెరుక. మనకు క్రికెట్ ఎలాగో వాళ్ళకు బాస్కెట్‌బాల్ అలాగ. యూరాటే తండ్రి వడ్రంగి. పీపా చుట్టూ బిగించే ఇనపరింగుని కొట్టం గోడకి కొట్టి ఆవిడకు మొదటి బుట్ట చేసిపెట్టాడు. పదేళ్ళకు ప్రభుత్వం వాళ్ళ స్పోర్ట్స్ స్కూల్లో చేరి, పద్దెనిమిదేళ్ళకు పెద్ద క్లబ్బులో ఆడి, ఇరవై దాటేసరికి ఆవిడ పేరు పేపర్లలో వచ్చేది. అప్పుడు వాళ్ళది సొంత దేశం కాదు, సోవియట్ యూనియన్‌లో ఒక ముక్క. జెర్సీ మీద వేరే అక్షరాలు. దేశం విడివడి సొంత జెండా వచ్చేసరికి ఆవిడకు ముప్పై మూడేళ్ళు, మోకాలు అప్పటికే పాడైంది. అయినా సొంత జెర్సీ వేసుకుని పన్నెండు ఆటలు ఆడారు. "ముందు ఆడినవి నాలుగొందలు. అవి లెక్కలోకి రావు. ఈ పన్నెండే," అనేవారు మా ఇంట్లో పప్పు కలుపుకుంటూ.

అవును, మా ఇంట్లోనే. ఆ కథ కూడా నాన్న వల్లే మొదలైంది. గురువుగారికి భోజనం పెట్టకుండా విద్య నేర్చుకోవడమేమిటని ఆయనకు గట్టి నమ్మకం. ఆదివారం మధ్యాహ్నం పిలిచారు. షికాగోలో వాళ్ళ దేశపు ముసలమ్మలు ఉండే ఒక వృద్ధాశ్రమంలో ఆవిడ పగలు ఆయాగా పనిచేసేవారు, సాయంత్రాలు జిమ్. ఆ ఒక్క మధ్యాహ్నమే ఖాళీ. గుమ్మంలో చెప్పులు విప్పమని మేం చెప్పకముందే విప్పారు, వాళ్ళ ఊళ్ళోనూ అంతేనట. అమ్మ సగం మార్కులు అక్కడే వేసేసింది. రెండో ఆదివారం ఆవిడ తనతో ఒక గిన్నెలో సూపు తెచ్చారు. గులాబీరంగులో, చల్లగా, పైన సోయాకూర తరుగు. అమ్మ భయపడుతూ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "ఇది మజ్జిగలో బీట్‌రూట్ వేసినట్టుందే! కాస్త పోపు పెడితే ఇంకా బావుండును" అని లేచి నిజంగానే ఇంగువ పోపు పెట్టేసింది. కోచ్ గారు అది తిని, కళ్ళు మూసుకుని, వాళ్ళ భాషలో ఏదో అన్నారు. ఆ రోజు నుంచీ ఆదివారాలు మా ఇంట్లో రెండు దేశాల వాసన వచ్చేది.

నేను మొదట్లో అలవాటు కొద్దీ ఆవిడను ఆంటీ అని పిలిచేదాన్ని. "ఇంట్లో ఆంటీ. కోర్టులో కోచ్," అన్నారు ఒకసారి. రెండోసారి చెప్పలేదు, కోర్టు చుట్టూ పది రౌండ్లు పరుగెత్తించారు. మూడు వారాల పాటు బంతి ముట్టుకోనివ్వలేదు. మోకాళ్ళు వంచి పక్కకి జరగడం, ఆగడం, తిరగడం. చేతులు వెనక్కి కట్టుకుని ఎదుటి పిల్లను ఛాతీతో అడ్డుకోవడం. తొడలు మండిపోయి ఇంట్లో మెట్ల మీద కూర్చుని జరుగుతూ దిగేదాన్ని. నాన్న ఇది విని ఎంత సంతోషించారో చెప్పలేను. "చూశావా! ఎక్కాలు రాకుండా కాలిక్యులస్ చెప్పరు," అనేవారు.

మరుసటి ఏడాది నేను హైస్కూల్‌కి వచ్చాను. ఆ స్కూల్లో చిన్న తరగతుల ఆడపిల్లల టీముకి కోచ్ మధ్యలో మానేస్తే, తాత్కాలికంగా యూరాటే గారిని తీసుకున్నారు. సీజన్ చివర నచ్చితే పర్మనెంట్ చేస్తామన్నారు. పర్మనెంట్ అయితే వృద్ధాశ్రమంలో పక్కలు మార్చే పని మానేయవచ్చు. ఆవిడ దాని గురించి ఎక్కువ మాట్లాడేవారు కారు. కానీ ఆ ఏడాది ఆవిడ మొదటిసారి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకోవడం అమ్మ కనిపెట్టింది.

ఆవిడ దగ్గర గళ్ళ నోటుబుక్కొకటి ఉండేది. ప్రతి ప్రాక్టీసు తరవాత ప్రతి పిల్లకూ పదికి మార్కులు వేసేవారు: కాళ్ళకి, చేతులకి, అడ్డుకోవడానికి, పాస్‌కి. బుట్టలో వేసిన బంతులకు మార్కులుండవు. "అవి జనం లెక్కపెడతారు. నేనెందుకు?" అనేవారు. ఒక ఆదివారం భోజనాలయ్యాక నాన్న ఆ పుస్తకం చూశారు. ఎడారిలో నడిచేవాడికి బావి కనిపించినట్టయింది ఆయనకు.

"మేడమ్, ఇందులో మా అమ్మాయి ర్యాంకెంత?" అన్నారు.

కోచ్ ఒక క్షణం ఆలోచించి, "పదకొండు," అన్నారు. మేం మొత్తం పన్నెండు మందిమి.

"గోడ మీద పెట్టరా?"

"మా స్పోర్ట్స్ స్కూల్లో పెట్టేవాళ్ళు," అన్నారావిడ. "ప్రతి శనివారం. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి చూసుకునేదాన్ని."

"మా కాలేజీలోనూ అంతే! సోమవారం!" అన్నారు నాన్న. ఇద్దరూ ఒకరినొకరు చిన్నప్పుడు తప్పిపోయిన అన్నాచెల్లెళ్ళలా చూసుకున్నారు. నేను నా పదకొండో ర్యాంకుతో గోంగూర కలుపుకుంటూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం నాన్న ఇంట్లోని ప్రింటర్ మీద ఒక షీటు తయారుచేశారు. పేరు, నాలుగు సబ్జెక్టులు, టోటల్, పర్సెంటేజ్, ర్యాంకు. అక్కడితో ఆగితే ఆయన మా నాన్న ఎందుకవుతారు? చివర రిమార్కులనే కాలమొకటి పెట్టి, కోచ్ మాటల్లో విన్నవి తన ఇంగ్లీషులోకి మార్చి నింపారు. కేట్లిన్ అనే పిల్ల మా టీములో స్టార్, అందరికంటే ఎక్కువ స్కోరు చేసేది, కానీ వెనక్కి పరిగెత్తి అడ్డుకునేది కాదు. ఆమెకి నాలుగో ర్యాంకు, "తెలివుంది, నిర్లక్ష్యం ఎక్కువ". నాకు, "కష్టపడాలి". కన్నకూతురని ఒక్క మాట తగ్గించలేదు. సోమవారం కోచ్ ఆ కాగితాన్ని లాకర్‌రూమ్ బయట గోడకి అతికించారు, మా ఇద్దరి దేశాల్లో అయితే ఎవరూ కన్నెత్తి చూడనంత మామూలు పని అది.

మధ్యాహ్నానికి ఇద్దరు పిల్లలు ఏడ్చారు. సాయంత్రానికి కాగితం చింపేశారు. బుధవారానికి తల్లిదండ్రుల ఫోన్లు. పిల్లల్ని నలుగురిలో అవమానించే మనిషి మా స్కూల్లో ఉండటానికి వీల్లేదని కేట్లిన్ వాళ్ళమ్మ ఉత్తరం రాసింది. శుక్రవారం సాయంత్రం జిమ్‌లో మీటింగ్ పెడతామన్నారు. ఆ రిమార్కుల ఇంగ్లీషు కోచ్‌ది కాదని స్కూల్లో ఆటల విభాగం చూసే పెద్దాయనకు అనుమానమొచ్చి, ఇది ఎవరు రాశారని అడిగాడట. "లిస్టు నాది. నేను అతికించాను," అని తప్ప ఆవిడ ఇంకో ముక్క చెప్పలేదు.

ఈ సంగతి నేను ఇంట్లో చెప్పగానే అమ్మ గరిటె కింద పెట్టింది.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదేనండీ. ఆవిడ పుస్తకంలో ఆవిడ రాసుకుంటుంటే మీకెందుకండీ టేబుళ్ళూ కాలమ్‌లూ?"

"నేనేం చేశానే? ఫార్మాట్ చేశానంతే."

"రిమార్కులో?"

నాన్న, "మనం వీసా మీద ఉన్నవాళ్ళం. గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. స్కూల్ కంప్లయింట్‌లో నా పేరు పడితే, అది ఆఫీస్‌కి తెలిస్తే? మనకెందుకు చెప్పు," అన్నారు.

"ఆవిడ మీ పేరు చెబితే ఒక్క నిమిషంలో బయటపడేది. చెప్పలేదు," అంది అమ్మ.

నాన్న మీద నాకు అసహ్యం వేసింది. ఇప్పుడు ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, వేసిన మాట నిజం. మా నాన్న దేనికి భయపడతారో అప్పుడు నాకు తెలియదు. పోలీసు కారు వెనక వస్తే స్టీరింగ్ మీద ఆయన చేతులు వణికేవి. ఆఫీసు నుంచి కవరు వస్తే దేవుడి దగ్గర పెట్టి విప్పేవారు. మమ్మల్ని ముగ్గుర్నీ ఆ దేశంలో నిలబెట్టింది ఒక కాగితమే, ఆ కాగితం మీద ఎవరి కన్నూ పడకూడదన్నదే ఆయన బతుకు. శుక్రవారం సాయంత్రం అమ్మ ఆయన ఇంటర్వ్యూ సూటు ఇస్త్రీ చేసి మంచం మీద పరిచింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, వేసుకున్నారు. "వినడానికే వస్తున్నాను," అన్నారు కార్‌లో.

జిమ్‌లో ఒక పక్కన మడత కుర్చీలు వేశారు. ముందు వరసలో ఒంటరిగా కోచ్, వీపు నిటారుగా. మేం చివరి వరస. కేట్లిన్ వాళ్ళమ్మ లేచి, తన కూతురు మూడు రోజులుగా అన్నం సరిగా తినలేదని చెప్పింది. అది అబద్ధం కాదు, ఆవిడ గొంతులో బాధ ఉంది. "ఈ దేశంలో మనం పిల్లలకి ర్యాంకులివ్వం," అంది చివర. చాలామంది తలలూపారు. ఏమైనా చెప్పుకుంటారా అని పెద్దాయన కోచ్‌ని అడిగాడు. ఆవిడ లేచి, "లిస్టు నాది," అని కూర్చున్నారు.

నా పక్కన కుర్చీ కిర్రుమంది. నాన్న లేచారు. ఒక చేత్తో ముందు కుర్చీ పట్టుకున్నారు.

"సర్, ఆ పేపర్ నాది," అన్నారు. "మార్కులు కోచ్ గారివి. ర్యాంకు నేను కట్టాను. రిమార్కులు నేను రాశాను. గోడ మీద పెట్టమని చెప్పింది కూడా నేనే. మా ఊళ్ళో నేను లెక్కల మాస్టార్ని, పదేళ్ళు ఇదే పని చేశాను. పదకొండో పేరు మా అమ్మాయిది. అదీ నేనే టైప్ చేశాను."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. నేను పదకొండో ర్యాంకుని అని ఊరందరికీ తెలిసిపోయింది. చిత్రం, నాకు ఏమీ అనిపించలేదు.

ఆయన కేట్లిన్ వాళ్ళమ్మ వైపు తిరిగారు. "మేడమ్, మీ దేశంలో ర్యాంకులివ్వరన్నారు. ఈ గదిలో రెండు స్కోర్‌బోర్డులున్నాయి. పైన వేలాడే జెండాలన్నిటి మీదా ఎవరు ఫస్టో రాసుంది. అవి నేను పెట్టలేదు." ఎవరో నవ్వారు. "కానీ రిమార్కులు తప్పు. అవి టీచర్ పిల్ల చెవిలో చెప్పాల్సినవి. మీ అమ్మాయికి నేను సారీ చెబుతాను. ఎవరినైనా తీసేయాలంటే నన్ను తీసేయండి. నేను కోచ్‌ని కాదు కాబట్టి కుదరదు. అందుకని ఆవిడని ఉంచండి."

ఈసారి చాలామంది నవ్వారు, కేట్లిన్ వాళ్ళమ్మ తప్ప. ఆవిడ లేచి, "నాకు క్షమాపణ చాలు," అని కూర్చుంది. ఇకమీదట గోడ మీద ఏ కాగితమూ ఉండకూడదనీ, కోచ్ సీజన్ పూర్తి చేయవచ్చుననీ పెద్దాయన తేల్చాడు. సోమవారం ప్రాక్టీసులో కేట్లిన్ స్వయంగా వెళ్ళి, తన మార్కులేమిటని కోచ్‌ని అడిగింది. అప్పటినుంచి ఎవరి కాగితం వాళ్ళకు మడతపెట్టి చేతిలో పెట్టేవారు. కేట్లిన్ వెనక్కి పరిగెత్తడం నేర్చుకుంది. నేను ఆరో ర్యాంకుకి ఎక్కాను. సీజన్ చివర ఆవిడను పర్మనెంట్ చేశారు. ఆ ఆదివారం అమ్మ బొబ్బట్లు చేసింది. నాన్న గ్రీన్‌కార్డ్‌కి ఏమీ కాలేదు, దాని టైముకి అది వచ్చింది.

ఆ తరవాతి కథ ఊరందరికీ తెలుసు. ఆవిడ పెద్ద టీముకి హెడ్ కోచ్ అయ్యారు. ఆవిడ చేతికింద తయారైనవాళ్ళు కాలేజీల్లో ఆడారు, కొందరు ఇప్పుడు కోచ్‌లు, అందులో కేట్లిన్ ఒకతె. వేసవుల్లో సొంత ఊరికి వెళ్ళి అక్కడి ఆడపిల్లలకు ఉచితంగా నేర్పేవారు. నేను గొప్ప ప్లేయర్ని కాలేదు. కానీ భుజాలు వంచడం ఆ ఏడాదే మానేశాను, మళ్ళీ వంచలేదు. ఇప్పుడు షాంటిలీలో మా అమ్మాయి టీముకి ఒక యాప్ ఉంది. ప్రతి పాస్‌కీ, ప్రతి పరుగుకీ నంబరు, ఎవరు ఎన్నో స్థానమో రంగురంగుల గ్రాఫు. తల్లిదండ్రులం డబ్బు కట్టి మరీ చూసుకుంటున్నాం. ఎవరూ ఏడవరు, ఎవరూ ఉత్తరాలు రాయరు. మా నాన్న ఒక ముప్పై ఏళ్ళు తొందరపడ్డారంతే. అయితే ఆ యాప్ తప్పు చేసినప్పుడు లేచి అది నాది అని చెప్పేవాళ్ళెవరో మాత్రం నాకింకా తెలియలేదు.

వీడ్కోలు సభ ఆ జిమ్‌లోనే. ఈసారీ మేం చివరి వరసే, నాకు అటూ ఇటూ అమ్మా, నాన్నా. నాన్నకు ఇప్పుడు చెవులు సరిగా వినపడవు, మిషను పెట్టుకుంటే గోల అంటారు. కోచ్ కర్ర ఊతంతో మైకు దగ్గరికి వచ్చారు. గెలిచిన ఆటల గురించి చెబుతారనుకున్నాం. ఆవిడ చెప్పింది వేరు, అప్పటిదాకా మా ఇంట్లో అన్ని ఆదివారాలు తిని కూడా ఎన్నడూ చెప్పనిది.

"నాకు పదిహేడేళ్ళప్పుడు మా స్పోర్ట్స్ స్కూల్లో మీటింగ్ పెట్టారు," అన్నారు. "మా కోచ్ మా బ్యాగులకు అప్పట్లో నిషేధించిన మా పాత జెండా రంగుల రిబ్బన్లు కట్టాడని. ఆయన తరఫున మాట్లాడేవాళ్ళు లేవండి అన్నారు. నా కాళ్ళు మంచి కాళ్ళు, ఊరంతటికీ తెలుసు. లేవలేదు. ఎవరూ లేవలేదు. ఆయన్ని మళ్ళీ చూడలేదు. తరవాత అమెరికాలో నాకు మీటింగ్ పెట్టారు. నేను కూర్చుని, ఇప్పుడు నా వంతు అనుకున్నాను. అప్పుడు నా వెనక ఒక కుర్చీ చప్పుడైంది. పోలీసు కారు చూస్తే వణికే మనిషి లేచారు. నేను ఇన్నేళ్ళు మీకు నేర్పింది కాళ్ళు. ఎందుకో ఇప్పుడు చెబుతున్నాను. లేవడానికి."

నాన్న నా మోచెయ్యి పట్టుకుని, "ఏమంటున్నారమ్మా?" అన్నారు.

"ఆ రోజు మీరు లేచి నిలబడ్డారని చెబుతున్నారు నాన్నా."

"నిలబడకపోతే మీ అమ్మ అన్నం పెట్టేదా?"

"ఇన్నాళ్ళకి ఒప్పుకున్నారు," అంది అమ్మ అటువైపు నుంచి, కళ్ళు తుడుచుకుంటూ.

అంతలో మొదటి వరసలో కేట్లిన్ లేచింది. పక్కన ఇంకొకతె. ఆవిడ దగ్గర ఆడినవాళ్ళందరూ, ఇరవైల్లోవాళ్ళూ నలభైల్లోవాళ్ళూ, మోకాళ్ళు బాగున్నవాళ్ళూ బాగాలేనివాళ్ళూ, వరసకి వరస లేచి మావైపు తిరిగారు. జాతీయగీతమేమో అనుకుని నాన్న కంగారుగా ముందు కుర్చీ పట్టుకుని లేవబోయారు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపాను.

"మీరు కూర్చోండి నాన్నా," అన్నాను. "వాళ్ళు లేచింది మీకోసం."